జే-1 రెండేళ్ల నియమం: వేవర్ కోసం పరుగెత్తే ముందు అది మీకు ఎందుకు తగిలిందో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది వరంగల్. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తూ 2018 ఆగస్టులో ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ మీద అమెరికా వచ్చారు. తొమ్మిది నెలలు ఉండి 2019 మేలో వెనక్కి వెళ్లారు. మళ్లీ 2023 సెప్టెంబరులో రీసెర్చ్ స్కాలర్‌గా, అదీ జే-1 (ఎక్స్చేంజ్ ప్రోగ్రాం వీసా) మీదే, టెక్సాస్‌లో ఒక యూనివర్సిటీకి వచ్చారు. మీ వారు డాలస్‌లో హెచ్-1బి మీద పని చేస్తున్నారు. మీ వీసా మీద 212(ఇ) వర్తిస్తుందని, అంటే ప్రోగ్రాం అయ్యాక సొంత దేశంలో రెండేళ్లు ఉండాలన్న నియమం ఉందని అచ్చు వేసి ఉంది. మీ ప్రోగ్రాం వివరాలుండే డీఎస్-2019 కాగితం గడువు వచ్చే జూన్ 30తో ముగుస్తుంది. హెచ్-4కి (హెచ్-1బి వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసాకి) మారదామంటే "కుదరదు, ముందు ఇండియా వెళ్లి రెండేళ్లు ఉండాల్సిందే" అని ఒకరు, "నోరి తెచ్చుకుని వేవర్ వేయండి" అని మరొకరు చెప్పారు. (వేవర్ అంటే ఆ నియమం నుంచి మినహాయింపు, నోరి అంటే దాని కోసం మన ప్రభుత్వం ఇచ్చే "అభ్యంతరం లేదు" పత్రం.) ఫుల్‌బ్రైట్ వాళ్లకు వేవర్ రాదని ఇంకెవరో అన్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని రాశారు.

ముందు నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. నేను లాయర్ని కాను. పదమూడేళ్లుగా అమెరికాలో ఒక యూనివర్సిటీలో విదేశీ పరిశోధకుల వీసా కాగితాలు చూసే ఆఫీసులో ఉన్నాను. అంతకు ముందు నేనూ జే-1 మీదే వచ్చాను, ఈ నియమం నాకూ తగిలింది. ఆ రెండేళ్లు తిరుపతిలో ఉండి పూర్తి చేశాను. ఆ కథ కింద చెబుతాను, ఎందుకంటే అందులో నేను చేసిన పొరపాటు ఇప్పటికీ చాలామంది చేస్తున్నారు.

మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, మీకు వేవర్ అవసరమే ఉండకపోవచ్చు. ఒక్క కాగితం చూసి నిర్ధారించుకోవాలి. ఆ కాగితం మీ దగ్గరే ఉంది.

ఈ నియమం ఏం ఆపుతుందో, ఏం ఆపదో మొదట స్పష్టంగా తెలియాలి. నియమం తగిలిన మనిషి తన దేశంలో మొత్తం రెండేళ్లు ఉండేదాకా, లేదా వేవర్ వచ్చేదాకా, హెచ్ వీసా, ఎల్ వీసా (కంపెనీ బదిలీ), కె వీసా (అమెరికా పౌరుల కాబోయే భార్యాభర్తలు), గ్రీన్ కార్డు తీసుకోలేరు. హెచ్ అంటే హెచ్-1బి ఒక్కటే కాదు, హెచ్-4 కూడా హెచ్ కిందికే వస్తుంది. "నేను ఉద్యోగం చేయను, భర్త మీద డిపెండెంట్‌గా ఉంటాను కదా, అదీ కుదరదా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. కుదరదు. దీనితో పాటు, అమెరికాలో ఉండగానే ఒక స్టేటస్ నుంచి ఇంకొక స్టేటస్‌కి మారే వీలు కూడా వీళ్లకు దాదాపుగా ఉండదు. దౌత్య ఉద్యోగుల వీసాల్లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప.

కానీ ఎఫ్-1 (చదువు), ఓ-1 (అసాధారణ ప్రతిభ), బి-2 (సందర్శన) వీసాలను ఈ నియమం నేరుగా ఆపదు. అమెరికాలో కూర్చుని వాటికి మారలేరు కానీ, బయటికి వెళ్లి కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుని రావచ్చు. అలా వచ్చినా పాత బాధ్యత చెరిగిపోదు. పదేళ్లు ఓ-1 మీద ఉన్నా గ్రీన్ కార్డు చివరి మెట్టు దగ్గర మళ్లీ ఇదే అడ్డం వస్తుంది.

ఇక అసలు విషయం. నియమం జే-1 వాళ్లందరికీ ఉండదు. మూడు కారణాల్లో ఏదో ఒకటి ఉంటేనే తగులుతుంది. మొదటిది ప్రభుత్వ డబ్బు: మీ ప్రోగ్రాం ఖర్చు అమెరికా ప్రభుత్వమో, మన ప్రభుత్వమో పెట్టుకుని ఉంటే. రెండోది స్కిల్స్ లిస్ట్: మీ దేశానికి మీ రంగంలో మనుషుల అవసరం ఉందని అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించిన జాబితాలో మీ రంగం ఉంటే. మూడోది వైద్య శిక్షణ: రెసిడెన్సీకో ఫెలోషిప్‌కో జే-1 మీద వచ్చిన డాక్టర్ అయితే. ఒకే మనిషికి రెండు కారణాలు కూడా ఉండవచ్చు. నేను ఎవరి కాగితాలు చూసినా మొదట అడిగే ప్రశ్న "మీకు ఏ కారణంతో తగిలింది?" అనే. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. వీసా మీద అచ్చు చూసి భయపడతారు, వేవర్ ఫీజులు, లాయర్ ఫీజులు కనుక్కుంటారు. కారణం మాత్రం వెతకరు. కారణం తెలియకుండా దారి దొరకదు, ఎందుకంటే ఒక్కో కారణానికి బయటపడే దారి వేరు.

స్కిల్స్ లిస్ట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, మీ కేసు దాని మీదే నిలబడి ఉందని నా అనుమానం. ఈ రెండేళ్ల నియమం 1956లో చట్టంలోకి వచ్చింది. చదువుకున్నది, నేర్చుకున్నది సొంత దేశానికి ఉపయోగపడాలని దాని ఉద్దేశం. 1970లో చట్టం మార్చి, ప్రభుత్వ డబ్బు ఉన్నవాళ్లకు, దేశానికి అవసరమైన నైపుణ్యాలు ఉన్నవాళ్లకు దీన్ని పరిమితం చేశారు. ఆ నైపుణ్యాల మొదటి జాబితా 1972లో వచ్చింది. డాక్టర్ల సంగతి 1976లో కలిపారు. జాబితాను 1984లో, 1997లో, 2009లో మార్చారు. 2009 జాబితాలో ఇండియా పేరు కింద సైన్సు, ఇంజినీరింగు రంగాలు చాలా ఉండేవి. అందుకే పదిహేనేళ్లపాటు మన పోస్ట్‌డాక్‌లకు వీసా మీద ఆ అచ్చు అలవాటుగా పడుతూ వచ్చింది.

2024 డిసెంబరు 9న కొత్త జాబితా ప్రకటించారు. అందులో ఇండియా లేదు. చైనా, దక్షిణ కొరియా, బ్రెజిల్ లాంటి దేశాల పేర్లు కూడా తీసేశారు. మనవాళ్లలో చాలామందికి ఇంకా తెలియని ముఖ్యమైన ముక్క ఏమిటంటే, కొత్త జాబితా వెనక్కి కూడా వర్తిస్తుంది. అంటే 2024 తర్వాత వచ్చినవాళ్లకే కాదు, 2023లో వచ్చిన మీకూ, 2012లో వచ్చి ఇప్పటికీ ఆ బరువు మోస్తున్నవాళ్లకూ, స్కిల్స్ లిస్ట్ ఒక్కటే కారణమైతే ఆ నియమం ఇక లేదు. వేవర్ అక్కర్లేదు, నోరి అక్కర్లేదు, 120 డాలర్ల ఫీజూ అక్కర్లేదు. వీసా మీద అచ్చు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ వచ్చి చెరపరు. అచ్చు చూసి మీకు సలహా ఇచ్చినవాళ్లు 2024కి ముందు నాటి జ్ఞానంతో చెప్పి ఉంటారు.

నిజానికి వీసా మీద ఆ అచ్చు ఎప్పుడూ చివరి మాట కాదు. అది ఇంటర్వ్యూ రోజున కాన్సులర్ ఆఫీసర్ వేసిన ప్రాథమిక అంచనా. మీ డీఎస్-2019 అడుగున ఎడమ వైపు చిన్న భాగం ఒకటి ఉంటుంది. అక్కడ నియమం లేదని ఒక గడి, ఉందని మరో గడి ఉంటాయి. ఉంటే ఎందుకో కూడా అక్కడే ఎ, బి, సి అని ఉంటుంది: ఎ ప్రభుత్వ డబ్బు, బి స్కిల్స్ లిస్ట్, సి వైద్య శిక్షణ. మీది చూడండి. బి మాత్రమే టిక్ చేసి ఉంటే నా అనుమానం నిజమైనట్టే. ఖాళీగా వదిలేసిన కాగితాలూ నేను చాలా చూశాను. అలా ఉంటే కంగారు పడకండి, ఐదో నంబరు గడి చూడండి. ప్రోగ్రాం కాలానికి ఎవరెవరు ఎంత డబ్బు ఇస్తున్నారో అక్కడ రాసి ఉంటుంది. మీ యూనివర్సిటీ పేరు ఎదురుగా మొత్తం ఉండి, అమెరికా ప్రభుత్వ సంస్థ, మీ దేశ ప్రభుత్వం అనే వరుసలు ఖాళీగా ఉంటే మంచిది.

ఇక్కడ మీరు ఇంకొక భయం రాశారు: మీ జీతం ప్రొఫెసర్‌గారి ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) గ్రాంటు నుంచి వస్తోంది, అది అమెరికా ప్రభుత్వ డబ్బే కదా అని. మంచి ప్రశ్న. చట్టం చూసేది, ఆ డబ్బు మిమ్మల్ని ఎక్స్చేంజ్ ప్రోగ్రాం మీద రప్పించడానికి ఇచ్చిందా లేదా అన్నది. ఎన్ఐహెచ్ ఆ గ్రాంటు ఇచ్చింది ఒక పరిశోధన కోసం, యూనివర్సిటీకి. ఆ పని చేయడానికి యూనివర్సిటీ మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుని జీతం ఇస్తోంది. సాధారణంగా దీన్ని ప్రభుత్వ డబ్బు కింద లెక్కపెట్టరు. ప్రభుత్వ సంస్థ మీ పేరు మీదే ఫెలోషిప్ ఇచ్చి ఉంటే లెక్క మారుతుంది.

మన దేశం వైపు నుంచి ఇదే ప్రశ్న వేసుకోవాలి. సెర్బ్, డీబీటీ, ఐసీఎంఆర్ లాంటి కేంద్ర సంస్థల విదేశీ ఫెలోషిప్ మీద వచ్చినవాళ్లకు స్కిల్స్ లిస్ట్ మారినా ఉపశమనం లేదు. వాళ్లది ప్రభుత్వ డబ్బు. ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌గా ఉంటూ జీతంతో కూడిన సెలవు మీద వచ్చినవాళ్లు కూడా ముందే ఒకసారి సరి చూసుకోవడం మంచిది. "ఇండియాను లిస్టు నుంచి తీసేశారట" అని విని నేరుగా హెచ్-1బి వేసి, మధ్యలో ఇరుక్కున్నవాళ్లను ఈ ఏడాది కాలంలో ఇద్దరిని చూశాను. ఇద్దరిదీ ఇదే పొరపాటు.

ఇప్పుడు మీ ఫుల్‌బ్రైట్ సంగతి. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌లకు రెండు దేశాల ప్రభుత్వాలూ డబ్బు పెడతాయి. కాబట్టి 2018లో వచ్చినప్పుడు మీకు నియమం కచ్చితంగా తగిలింది, ప్రభుత్వ డబ్బు కారణంగా. ఫుల్‌బ్రైట్ వాళ్లకు నోరి దారిలో వేవర్ రావడం చాలా కష్టమన్న మాట కూడా నిజమే. కానీ మీరు 2019 మేలో ఇండియా వెళ్లి 2023 సెప్టెంబరు దాకా అక్కడే ఉన్నారు. నాలుగేళ్లకు పైనే. అంటే ఆ బాధ్యత మీరు ఎప్పుడో తీర్చేశారు! వేవర్ అడగాల్సిన పని లేదు, తీర్చిన బాకీకి మాఫీ ఏముంటుంది? రుజువు మాత్రం దగ్గర పెట్టుకోండి. ఆ నాలుగేళ్ల పాస్‌పోర్టు ముద్రలు, పీహెచ్‌డీ పట్టా తేదీ, ఇండియాలో ఉద్యోగం చేసి ఉంటే ఫారం-16, బ్యాంకు స్టేట్‌మెంట్లు. పాత పాస్‌పోర్టు గడువు తీరిందని పారేయకండి.

ఒక్కటి గుర్తుంచుకోండి. తీర్చింది 2018 ప్రోగ్రాం బాకీ మాత్రమే. 2023లో మొదలైన ప్రోగ్రాం వేరే లెక్క. దానికి సొంత కారణం ఉంటే కొత్తగా తగులుతుంది. అందుకే ఐదో గడి చూడమన్నాను.

రెండు ప్రోగ్రాంల లెక్కా సరిపోయిందనుకుందాం. అప్పుడేం చేయాలి? వీసా మీద అచ్చు ఉంది కాబట్టి, మీ స్టేటస్ మార్పు ఫైలు చూసే యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఆఫీసర్ తప్పకుండా దాన్ని గమనిస్తారు. ఆయన ప్రశ్న పంపేదాకా ఆగకుండా, ముందే అమెరికా విదేశాంగ శాఖలోని వేవర్ రివ్యూ విభాగం నుంచి అడ్వైజరీ ఒపీనియన్ (నియమం మీకు ఉందో లేదో వాళ్లు రాసిచ్చే అభిప్రాయం) తెప్పించుకోమని నా సలహా. దానికి ఫీజు లేదు. ఇప్పటిదాకా మీకు వచ్చిన డీఎస్-2019లు అన్నీ, 2018వి కూడా కలిపి పంపాలి. ఒక్కటి తప్పినా మళ్లీ ఉత్తరం వస్తుంది, వారాలు పోతాయి. ఫుల్‌బ్రైట్ కాగితం దాచిపెడితే మంచిదేమో అన్న ఆలోచన కొందరికి వస్తుంది. వద్దు. వాళ్ల రికార్డులో అది ఉంటుంది. దాచినట్టు కనబడితే నియమం కంటే పెద్ద సమస్య అవుతుంది. ఆ కాగితంతో పాటే ఇండియాలో ఉన్న నాలుగేళ్ల రుజువులు పెట్టండి.

"సేఫ్ సైడ్ వేవర్ కూడా వేసేద్దాం" అని మీ వారు అన్నారని రాశారు. దయచేసి వేయకండి. అవసరం లేని వేవర్ వల్ల లాభం లేకపోవడం ఒక్కటే కాదు. నియమం ఉన్నవాళ్లకు వేవర్ మంచిదేనని విదేశాంగ శాఖ సిఫారసు ఇచ్చిన తర్వాత ఇక జే-1 పొడిగింపు ఉండదు. యూనివర్సిటీ కోరుకున్నా డీఎస్-2019 పెంచలేదు. దీన్ని తెలియక, ముందు వేవర్ తెచ్చుకుని, హెచ్-1బి ఇంకా తయారుకాక, మధ్యలో జీతం ఆగిపోయినవాళ్లున్నారు. నిజంగా వేవర్ కావాల్సినవాళ్లు కూడా, ముందు జే-1ని వీలైనంత కాలం పొడిగించుకుని, ఆ తర్వాతే వేవర్ వేయాలి. వరుస తప్పితే చేతిలో ఏమీ ఉండదు.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేను వేస్తాను. అసలు హెచ్-4 ఎందుకు? రీసెర్చ్ స్కాలర్‌కు ఐదేళ్ల దాకా అవకాశం ఉంటుంది. మీరు 2023 సెప్టెంబరులో వచ్చారు. అంటే ప్రొఫెసర్‌గారు ఒప్పుకుని నిధులుంటే 2028 సెప్టెంబరు దాకా ఇదే జే-1ని పొడిగించవచ్చు. జూన్ 30 అనేది ఈ కాగితం గడువు మాత్రమే. ముందు ఆ పొడిగింపు అడగండి. అది చేతికొస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. తర్వాత తీరిగ్గా ఆలోచించవచ్చు.

హెచ్-4కి మారితే ఆమోదం వచ్చిన రోజు నుంచి ల్యాబ్‌లో పని చేయకూడదు. మళ్లీ పని చేయాలంటే వర్క్ పర్మిట్ కావాలి. అది రావాలంటే సాధారణంగా మీ వారికి ఐ-140 (ఉద్యోగం మీద గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) ఆమోదమై ఉండాలి. మీరు ఆ విషయం రాయలేదు. ఆయనకు ఐ-140 లేకపోతే మీ పరిశోధన ఆగిపోతుంది, మధ్యలో ఉన్న పేపర్లు ఆగిపోతాయి. అంత కష్టపడి వచ్చిన మనిషి భయంతో ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు. యూనివర్సిటీ ద్వారా హెచ్-1బి అయితే లాటరీ లేదు. ఏడాదిలో ఎప్పుడైనా వేయవచ్చు. మీ ప్రొఫెసర్‌గారు సిద్ధమేనని రాశారు కదా, నేనైతే అదే అడుగుతాను.

హెచ్-1బి వేసేటప్పుడు అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్పుగా వేయించుకోండి, ఫైలు నడుస్తుండగా దేశం దాటకండి. బయటికి వెళితే స్టేటస్ మార్పు వదులుకున్నట్టే లెక్క. దీనికి ఇప్పుడు ఇంకో కారణం కూడా తోడైంది. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల చెల్లింపు పెట్టారు. లోపలే ఉండి స్టేటస్ మారేవాళ్లకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అదే ఏడాది అక్టోబరులో స్పష్టం చేసింది. మీ చెల్లెలి పెళ్లికి వరంగల్ వెళ్లాలని రాశారు. తేదీలు ముందే ప్రొఫెసర్‌గారికీ, మీ యూనివర్సిటీ ఆఫీసుకూ చెప్పి, పెళ్లికి వెళ్లి వచ్చాకే ఫైలు వేయించండి.

ఇదే చర్చలో ఇంకొందరు కింద వేర్వేరు ప్రశ్నలు అడిగారు. వాళ్ల కోసం కొంచెం.

ప్రభుత్వ డబ్బు వల్ల నియమం నిజంగా ఉన్నవాళ్లు వేసే మామూలు దారి "అభ్యంతరం లేదు" అనే ఉత్తరం. మన దగ్గర దాన్ని నోరి అంటాం, తిరిగి ఇండియా రావాల్సిన బాధ్యత లేదని ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్. పాస్‌పోర్టు ఆఫీసు, రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర విద్యాశాఖ, అలా అంచెలంచెలుగా కాగితం కదలాలి. చివరికి మన ఎంబసీ ఆ ఉత్తరాన్ని నేరుగా అమెరికా విదేశాంగ శాఖకు పంపాలి, మీ చేతికిచ్చిన కాపీ చెల్లదు. రాష్ట్ర సచివాలయంలో ఫైలు ఎక్కడుందో కనుక్కోవడానికి ఊళ్లో ఒక మనిషి ఉండాలి, నాన్నగారో తమ్ముడో. ఇది నెలల పని. అమెరికా వైపు డీఎస్-3035 ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింటు తీసి, 120 డాలర్ల ఫీజుతో పంపాలి. విదేశాంగ శాఖ సిఫారసు మాత్రమే చేస్తుంది, చివరి నిర్ణయం యూఎస్‌సీఐఎస్‌ది. డబ్బు పెట్టిన ప్రభుత్వ సంస్థ అభిప్రాయం కూడా అడుగుతారు, వాళ్లు వద్దంటే కష్టమే.

అమెరికాలో పుట్టిన పాప ఉంది కాబట్టి వేవర్ వచ్చేస్తుందా అని ఒకరు అడిగారు. పౌరురాలైన బిడ్డకు అసాధారణ కష్టం కలుగుతుందని చూపితే వేవర్ ఉంది, ఐ-612 ఫారం. కానీ రెండు వైపులా చూపాలి. పాప మీతో ఇండియా వస్తే ఏం కష్టం, పాప ఇక్కడే ఉండి మీరు వెళితే ఏం కష్టం. దూరంగా ఉండటం బాధాకరం అన్నది ఒక్కటే చాలదు. పాపకు ఇక్కడ మాత్రమే దొరికే వైద్యం జరుగుతోందనుకోండి, అలాంటి పత్రాలతో వెళ్లినవాళ్లకు దారి ఉంది. హాయిగా ఉన్న పాప ఫొటోలతో దారి లేదు.

జే-2 మీద ఉన్న భార్యకో భర్తకో కూడా ఇదే బాధ్యత అంటుకుంటుంది. అసలు వ్యక్తికి వేవర్ వస్తే వాళ్లకూ వస్తుంది. సొంతంగా వేవర్ వేయడం మామూలుగా కుదరదు, విడాకులు, మరణం లాంటి సందర్భాల్లో తప్ప.

కర్నూలు నుంచి వచ్చిన డాక్టర్‌గారు రెసిడెన్సీ మూడో ఏడాదిలో ఉన్నానని రాశారు. డాక్టర్‌గారూ, స్కిల్స్ లిస్ట్ మార్పు మీకు సంబంధించింది కాదు. వైద్య శిక్షణ మీద వచ్చినవాళ్లకు నోరి దారి అమెరికా చట్టమే మూసేసింది. పైగా ఇక్కడికి వచ్చేటప్పుడు మన ఆరోగ్య శాఖ నుంచి తెచ్చుకున్న స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ కోసం, తిరిగి వస్తానని మీరు రాసి ఇచ్చారు. మీకున్న ప్రధాన దారి కాన్రాడ్ 30. నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరు మీద 1994లో వచ్చింది. దీని కింద ఒక్కో అమెరికా రాష్ట్రం ఏడాదికి ఇంతమంది డాక్టర్లకని వేవర్ సిఫారసు చేయవచ్చు: మొదట్లో 20, 2002 నుంచి 30. డాక్టర్లు చాలని ప్రాంతంలో వారానికి 40 గంటలు, మూడేళ్లు, హెచ్-1బి మీద పని చేయాలి. వేవర్ వచ్చిన 90 రోజుల్లో పనిలో చేరాలి. లెక్క అక్టోబరు 1న మొదలవుతుంది, గిరాకీ ఉన్న రాష్ట్రాల్లో తొందరగా నిండిపోతాయి. కాబట్టి మూడో ఏడాది మొదట్లోనే ఉద్యోగ ఒప్పందం చేతిలో ఉండాలి. పెద్ద నగరం కావాలని పట్టుబట్టకండి. చిన్న ఊళ్లో మూడేళ్లు చేసిన మన డాక్టర్లు చాలామంది, అక్కడి పేషెంట్లు వదలక, అక్కడే ఉండిపోయారు. రాష్ట్రం కోటా నిండితే అప్పలాచియా, మిసిసిపీ డెల్టా ప్రాంతాల కమిషన్లు, వెటరన్స్ ఆసుపత్రులు, అమెరికా కేంద్ర ఆరోగ్య శాఖ కూడా సిఫారసు చేయగలవు. ల్యాబ్‌లో పరిశోధన మాత్రమే చేసి పేషెంట్లను చూడని డాక్టర్ల లెక్క వేరు, వాళ్లను శిక్షణ డాక్టర్లతో కలపకండి.

రీసెర్చ్ స్కాలర్లకు 24 నెలల నిషేధం అని ఇంకొకటి ఉంటుంది. చాలామంది ఆ రెంటినీ ఒకటే అనుకుంటారు. అది, ప్రోగ్రాం ముగిశాక మళ్లీ రీసెర్చ్ స్కాలర్‌గానో ప్రొఫెసర్‌గానో జే-1 మీద రావాలంటే రెండేళ్లు ఆగాలనే నియమం. హెచ్-1బికి దానితో సంబంధం లేదు. దానికి వేవర్ కూడా లేదు.

గ్రీన్ కార్డు కోసం ఆలోచిస్తున్నవాళ్లకు ఒక మాట. నియమం ఉన్నా ఐ-140 వేయవచ్చు, ఆమోదం కూడా పొందవచ్చు, ప్రయారిటీ డేట్ (వరుసలో మీ స్థానం చెప్పే తేదీ) నిలబడుతుంది. ఆపేది ఆ తర్వాతి ఐ-485నే, అంటే గ్రీన్ కార్డు చివరి దరఖాస్తునే. ఇండియాలో పుట్టినవారికి ఈబీ-2 (ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఒక తరగతి) వరుస పదేళ్లు దాటింది కాబట్టి, ఆ వరుసలో నిలబడే లోపు ఈ రెండేళ్లు తీర్చుకునే సమయం చాలామందికి దొరుకుతుంది. అయితే ఐ-140 వేశాక జే వీసా స్టాంపింగ్‌కి వెళితే, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉందని తిరస్కరించవచ్చు. వేసే ముందు అది ఆలోచించుకోండి.

ఇక నా కథ. నేను 2007లో కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్ మీద వచ్చాను. వీసా మీద నియమం లేదని ఉంది. అప్పటి నా యూనివర్సిటీ ఆఫీసు కూడా లేదనే చెప్పింది. నేను నమ్మాను. 2009లో హెచ్-1బి వేసినప్పుడు ఫెలోషిప్ కాగితం బయటపడి, ఆగిపోయింది. మా వారు న్యూజెర్సీలో, నేను తిరుపతిలో. రెండేళ్లు లెక్కపెట్టుకుంటూ గడిపాను. 2011లో రెండేళ్లూ అయ్యాయని ఇంటర్వ్యూకి వెళితే, ఆఫీసర్ పాస్‌పోర్టు తిరగేసి, ముద్రలు చూసి రోజులు లెక్క కట్టారు. మధ్యలో మూడు వారాలు మా వారిని చూడటానికి వెళ్లాను, ఎనిమిది రోజులు జర్మనీలో ఒక సమావేశానికి వెళ్లాను. ఆ 29 రోజులు లెక్కలో రావు. ఇండియా గడ్డ మీద ఉన్న రోజులే లెక్క. ఏకధాటిగా ఉండక్కర్లేదు, విడతలుగా ఉన్నా కలుపుకోవచ్చు, కానీ రెండేళ్లు నిండాలి. ఆ నెల రోజులు ఆగి మళ్లీ వెళ్లాను. ఇప్పుడు రెండేళ్లకు ఇండియా వెళుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వెళ్లిన రోజు నుంచి ఒక చిన్న పుస్తకంలో రాకపోకల తేదీలు రాసుకోండి, బోర్డింగ్ పాస్‌లు దాచుకోండి.

మీరు ఈ రాత్రికి చేయాల్సింది, 2023 డీఎస్-2019 తీసి ఐదో గడి, అడుగున ఎడమ భాగం చూసి ఏం రాసి ఉందో ఇక్కడ రాయండి. మీ పేరు, ఆ కాగితం మీదుండే సెవిస్ నంబరు మాత్రం బయట పెట్టకండి. అడ్వైజరీ ఒపీనియన్ కోసం ఉత్తరంలో ఏం రాయాలో అప్పుడు వాక్యం వాక్యం కూర్చుని చూద్దాం.